నూర్జాన్ అరిగిపోకూడదని

జువ్వలదిన్నె రేవులో మదార్ చెయ్యి పడని బోటు ఇంజను లేదు. పొగ రంగు చూసి రోగం చెప్పేవాడు. ఆయిలు రెండువేళ్ల మధ్య నలిపి, ఇనప రజను తగిలితే సిలిండరు బోరు అరిగిందని తేల్చేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పే మొనగాడు రేవులో ఎవడూ లేడు. అదే అతని కొంప ముంచింది. పనిలో ఎదురులేని మనిషి ఇంట్లో కూడా తనకు తెలియనిది లేదనుకుంటాడు.

మదార్‌కు లోకంలో ఒకటే సూత్రం. తిరిగేదేదైనా అరుగుతుంది. మనిషికి ఇంత ఓపిక అని పైవాడు పోసి పంపుతాడు, పొదుపుగా వాడుకుంటే ఎక్కువకాలం వస్తుంది. ఈ సూత్రం అతనికి ఊరికే రాలేదు. తల్లి ఉప్పుమళ్లలో పనిచేసి, జుట్టు నెరవకముందే నడుము వంగి చనిపోయింది. ఆమెను ఖబరస్తాన్‌కు మోసుకుపోయిన రోజే అనుకున్నాడు, తన ఇంట్లో ఇంకో ఆడమనిషిని పనికి బలి ఇవ్వకూడదని. పాపం, మంచి మనసుతోనే అనుకున్నాడు.

భార్య నూర్జాన్ రవికెలు కుట్టేది. కాలితో తొక్కే మిషను. కుట్టినవి తనే పట్టుకుపోయి ఇంటింటికీ ఇచ్చి, ప్రతి అరుగు మీదా కాసేపు కూర్చుని కబుర్లాడి, పొద్దు వాలాక ఇల్లు చేరేది. యాభై దాటాక మోకాళ్లు నొప్పి పెట్టాయి. లేస్తే కటకటమనేవి. మదార్ వంగి, ఇంజనుకు పెట్టినట్టే ఆమె మోకాలికి చెవి పెట్టాడు.

"ఏం చెప్తా ఉందయ్యా?" నూర్జాన్ పడీపడీ నవ్వింది.

"అరిగింది," అన్నాడు మదార్. అతను నవ్వలేదు.

ఆ వారమే కుట్టుమిషనుకు మోటారు బిగించాడు. తొక్కే పని పోయింది. తర్వాత రవికెలు తనే ఇచ్చిరావడం మొదలుపెట్టాడు. నీళ్లు తనే పట్టాడు, అన్నం తనే వండాడు. నమాజుకు కింద కూర్చుని లేవడం ఎందుకని కుర్చీ వేశాడు. చివరికి మిషను మీద గుడ్డ కప్పేశాడు. వీధిలో ఆడవాళ్లు కుళ్లుకున్నారు. బోటు యజమాని పోలేరయ్య భార్య కామమ్మయితే, మొగుడంటే మదారన్నేనని తన మొగుణ్ణి రోజూ సాధించేది.

"కాళ్లు ఊరుకోడం లేదయ్యా, కామమ్మ ఇంటిదాకా పోయొస్తా," అనేది నూర్జాన్ మొదట్లో.

"కూచో. అరిగిపోతావు."

కూర్చుంది. కూర్చుని కూర్చుని, తర్వాత పడుకుంది. ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడి, పిక్కలు జారిపోయాయి. మదార్ నూనె రాస్తూ ఆ కాళ్లు చూసేవాడు. ఆపితేనే ఇట్లా అరిగితే, ఆపకుండా ఉంటే ఏమయ్యేదో అని భయపడేవాడు. కళ్లెదుట కనబడేది కూడా అతని సూత్రానికే సాక్ష్యం పలికింది. అలాంటి మూర్ఖత్వాన్ని ఏం చెయ్యాలి?

ఒక ఉదయం మంచం దిగబోతే నూర్జాన్ కాళ్లు నిలవలేదు. తుంటి విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. డాక్టర్ కరుణాకుమారి గారు అతన్ని బయటికి పిలిచి, ఎముక కంటే కండే అధ్వాన్నంగా ఉందని చెప్పారు.

"అరక్కుండా చూసినాను మేడం," అన్నాడు మదార్. తన సూత్రమంతా చెప్పాడు.

ఆవిడ కోప్పడలేదు. "ముసలితనం ఎందుకొస్తుందో మాకే ఇంకా పూర్తిగా తేలలేదండీ. వాడకం వల్ల అరుగుతామని మీలాగే చాలామంది అన్నారు. కణం ఇన్నిసార్లే రెండవుతుంది, తర్వాత ఆగిపోతుందని కొందరన్నారు. తిన్నది లోపల మండేటప్పుడు పుట్టేదే ఒంటిని తుప్పులాగా తింటుందని కొందరు. బిడ్డల్ని కని పెంచేదాకే ఒళ్లు తన మరమ్మతు శ్రద్ధగా చూసుకుంటుంది, తర్వాత పట్టించుకోదని ఇంకొందరు. అన్నిట్లోనూ కొంత నిజముంది. కానీ ఇంజను తనంతట తాను బాగుపడదు. ఒళ్లు బాగుపడుతుంది, కదిలితేనే. ఆమెని వెంటనే లేపి నడిపించండి. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అప్పుడు మా చేతుల్లో ఉండదు."

మదార్ తల ఊపాడు. విన్నాడే గానీ ఆ మాట లోపలికి దిగలేదు. చదువుకున్నవాళ్లు ఏదో ఒకటి అంటారులే అనుకున్నాడు. ఇంటికి తెచ్చి మళ్లీ మంచం మీదే పడుకోబెట్టాడు. వేసవి వచ్చింది, చేపల వేట నిషేధం మొదలైంది, బోట్లన్నీ రేవులో కట్టేశారు. నూర్జాన్‌కు దగ్గు పట్టుకుంది.

నిషేధం ముగియవస్తుండగా పోలేరయ్య గుమ్మంలోకి వచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మదారన్నా, నా ఇంజను పట్టేసింది. పిస్టన్ కదల్లేదు. తప్పు నాదేలే. ప్రతి ఏడూ చెప్తానే ఉంటివి, ఊరికే పెట్టబాకండిరా, అప్పుడప్పుడు తిప్పతా ఉండండి, లేకుంటే ఉప్పుగాలికి పాడయిపోద్దని. అరిగిన ఇంజనన్నా లాగద్ది గానీ ఆపేసిన ఇంజను లేవదని నువ్వే గదా అన్నావు. నేనే బద్ధకించినాను."

అవును, అది మదార్ అన్న మాటే. ఏటా బోటు బోటుకూ తిరిగి, వినని వాళ్లను తిట్టి మరీ చెప్పిన మాట. రేవంతా చెప్పి, ఇంట్లో మాత్రం మిషను మీద గుడ్డ కప్పాడు. వస్తానని పోలేరయ్యను పంపించేసి, మంచం దగ్గరికి పరుగున వచ్చాడు.

"లే నూర్జాన్, లే తల్లీ. ఒక్క అడుగు. నేను పట్టుకుంటా గదా." చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. ఆమె బరువే లేదు. గట్టిగా ఏడ్చేశాడు.

నూర్జాన్ రెండు చేతులతో మంచం కోడు పట్టుకుంది. దగ్గుతెర ఆగేదాకా ఆగి, బతిమాలుతున్నట్టు అంది.

"వద్దయ్యా. మిగిలింది కొంచెమే గదా. అరగదీయబాక."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. భయపడే అంది.