పంచాయతీ అరుగు కింద నా బూటు

మా ముత్తాత కోనసీమలో ఏడు ఊళ్లకు జమీందారు. ఆయన మేడ ముందు ఎవరూ చెప్పులతో నడవకూడదు. తాతగారు రైలెక్కడానికి వస్తే స్టేషన్ మాస్టరు లేచి నిలబడేవాడట. నేను డ్రిప్పు పైపులు అమ్మే ఉద్యోగం మీద కొత్తచెరువు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను, నడుము మాత్రం నిటారుగానే పెట్టుకుని.

మధ్యాహ్నంలోగా నేను కొనేవాళ్లకు వీడియోలో కనిపించి ఒప్పుకుంటేనే మా తోట అమ్మకం బేరం నిలుస్తుంది. అక్క ఆపరేషన్ ఆ బేరం మీదే ఆగి ఉంది. నా ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ ఊళ్లో ఇంటర్నెట్ కేబుల్ పంచాయతీ ఆఫీసు వరకే వచ్చింది. ఇద్దరు ఒకేసారి వాడితే ఆగిపోతుందని జనం ఒక్కొక్కరే అరుగెక్కుతున్నారు. మిగతావాళ్లు తమ వంతుకు గుర్తుగా అరుగు కింద చెప్పులు వరసలో పెట్టి, కానుగ నీడన కూర్చున్నారు.

నేను నేరుగా మెట్టెక్కాను.

"ఏమప్పా, యాడికి పోతాండావు? బూటు ఇప్పి వరసలో పెట్టు," అంది ఒక ముసలామె.

మా వంశం పేరు చెప్పాను.

"వంశం యాడన్నా ఉండనీ, నెట్టు ఈడే ఉండాది గదా!"

అందరూ నవ్వారు. ఒక బూటు విప్పి చివర పెట్టాను. కాలే నేల మీద ఒంటికాలిపై హుందాగా నిలబడటం కష్టం. కాసేపటికి అక్క సంగతి చెప్పక తప్పలేదు.

"ఆ మాట ముందే చెప్పల్ల గదప్పా! వంశం కత ఎవరికి కావాల?" అంటూ ఆమె లేచి, నా బూటును కాలితోనే నెట్టుకుంటూ వరస మొదటికి చేర్చింది. ఎవరూ కాదనలేదు.

అరుగెక్కి, పంచాయతీ నెట్టు మీద ఫోన్‌లో వీడియోకి కనిపించి సరే అన్నాను. ఆ రోజు అమ్మింది ఎకరన్నర కొబ్బరితోట. మాకు మిగిలిన భూమి అదే.