కుడి మలుపు

కళ్ళెం మావయ్యకు అసలు పేరొకటి ఉంది గానీ, దాన్ని వాడే నాథుడే లేడు. కూరగాయలకు వెళ్ళినా, క్షవరానికి వెళ్ళినా భుజాన కళ్ళెం వేలాడేసుకుని తిరిగే మనిషిని లోకం ఇంకేమని పిలుస్తుంది? ఇప్పుడు ఆ భుజం మీద కళ్ళెం లేదు. పేరు మాత్రం ఉండిపోయింది.

మీసాలు రాకముందే గుర్రపుస్వారీ స్కూల్లో పనికి చేరాడు. పేడ ఎత్తాడు, మాలీషు చేశాడు, మొండి గుర్రాలను దారికి తెచ్చాడు. వాటినెక్కి బహుమతులు కొట్టింది మాత్రం వేరేవాళ్ళు. పేపర్లో పడ్డ ఫొటోల్లో ఆయనా ఉండేవాడు, పగ్గం పట్టుకున్న చెయ్యి వరకు. ఆ చెయ్యి తనదేనని భార్యను కూర్చోబెట్టి మరీ చూపించేవాడు.

"తెలుసులెండి. గోళ్ళలో మట్టి చూసి నేనే గుర్తుపట్టా," అనేది ఆవిడ, మిషను మీద దిండు గలేబులు కుడుతూనే.

స్కూలు మూతపడ్డాక, ఊళ్ళో అందరూ టీచరమ్మ అని పిలిచే ఒకావిడ దగ్గర చేరాడు. ఆవిడ పిల్లలకు పాఠాలు చెప్పడం మానేసి, ఊరి చివర రేకుల షెడ్లు వేసి, ఎవరికీ అక్కర్లేని గుర్రాలను తెచ్చి పెట్టుకుంది. కుంటివి, ముసలివి, దెబ్బలు తిన్నవి. అక్కడికే ఒకరోజు లారీలో వచ్చింది ఆ గోధుమరంగు ఆడగుర్రం.

మూసేస్తున్న ఇటుకల బట్టీ నుంచి వచ్చింది. బట్టీలో మట్టి కలిపే డ్రమ్ముకు ఒక దూలం ఉండేది, దూలం చివర ఈ గుర్రం. పొద్దున కడితే చీకటి పడేదాకా గుండ్రంగా తిరగడమే దాని బతుకు. ఛాతీ మీద పట్టీ ఒరుసుకుని చర్మం ఊడిపోయింది. పక్కటెముకలు దూరం నుంచే కనబడుతున్నాయి. దించిన మేస్త్రీ మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు.

"నోట్లో నాలుక లేని గుర్రమండీ. కాకపోతే ఎడమకే తిరుగుద్ది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎడమకే తిరిగింది మరి, కుడి అనేది ఒకటుందని దానికెలా తెలుస్తుంది?"

అందరూ నవ్వారు. మావయ్యా నవ్వాడు. ఆ ఒక్క మాట అందరి బుర్రల్లోనూ మేకు దిగినట్టు దిగిపోయింది.

నిజానికి చూసినవాళ్ళెవరైనా అదే నమ్ముతారు. పచ్చగడ్డిలో వదిలితే మేయడం మానేసి, లేని డ్రమ్ము చుట్టూ ఎడమకు తిరిగేది. షెడ్డులో పరిచిన గడ్డి కూడా ఉంగరంలా అరిగిపోయేది. ఆ తిరుగుడు ఆగేదాకా మావయ్య దాని పక్కనే బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. దాణా చేత్తో పెట్టాడు, పుండ్లు కడిగాడు, దానికే తప్ప ఇంకెవరికీ వినిపించని గొంతుతో కబుర్లు చెప్పాడు. మెల్లగా అది తిరగడం మానేసి, తల తెచ్చి ఆయన భుజం మీద పెట్టడం మొదలుపెట్టింది. "బంగారం" అని పిలిచాడు. పేరూ అదే అయింది.

ఇంతలో స్థలం యజమాని సగం నేల ఖాళీ చెయ్యమన్నాడు. టీచరమ్మ మావయ్యను పిలిచి చెప్పింది. "కొన్నిటికి వేరే చోటు చూడాలి మావయ్యా. చోటు దొరకనివి సంతకే. సంతలో వాటినెవరు కొంటారో నీకు చెప్పక్కర్లేదుగా."

చెప్పక్కర్లేదు. మాంసానికి కొంటారు.

ఒక్క దారి ఉంది. ఇలా కాపాడి తెచ్చిన గుర్రాలకు ఏటా ఒక పోటీ పెడతారు. నచ్చినవాటిని తీసుకుపోయేవాళ్ళు అక్కడికే వస్తారు. కాళ్ళు సరిగ్గా రాని పిల్లలను గుర్రాల మీద కూర్చోబెట్టి నడిపించే ఒక స్కూలువాళ్ళు, నెమ్మదైన ఆడగుర్రం కోసం చూస్తున్నారట. వాళ్ళది ఒకటే షరతు: రెండువైపులా సమంగా తిరగాలి, లేకపోతే పిల్లల నడుములకు మంచిది కాదు.

మావయ్య పంతం పట్టాడు.

కర్ర ముట్టలేదు, పగ్గం లాగలేదు. పొడుగు తాడు వదులుగా పట్టుకుని "కుడికి" అనేవాడు. బంగారం నాలుగు కాళ్ళూ పాతేసి, చెవులు వెనక్కి వేసి మొండికేసేది. తల ప్రాణం తోకకొచ్చేది. అయినా విసుక్కోకుండా నిలబడేవాడు. చివరికి ఒక అడుగు కుడికి వేసేది. "బంగారం!" అని మెచ్చుకుని జేబులోంచి క్యారెట్ ముక్క తీసేవాడు. కుడికి తిరిగిన ప్రతిసారీ అది ఆగి, కుడి ముందుకాలు నేలకు ఆనీ ఆనకుండా ఎత్తి పట్టుకునేది.

"చూశారా గడుసుదనం! చెయ్యి చాపి క్యారెట్ అడుగుతోంది," అని మావయ్య మురిసిపోయి ఇంకో ముక్క పెట్టేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చిన భార్య కంచె దగ్గరే నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమండీ, దానికి కాలు నొప్పేమో."

"నాకు గుర్రాల సంగతి చెప్తున్నావా?"

"గుర్రాల సంగతి నాకేం తెలుసు? నా సంగతి చెప్తున్నా. మిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు పట్టేస్తే, ఎడమ కాలు ముందేసి మెట్లు ఎక్కుతా. ఇన్నేళ్ళలో మీరెప్పుడైనా చూశారా?"

"షెడ్డుకొచ్చే పశువుల డాక్టరు చూశాడే! తిన్నగా నడిపించి చూసి బాగుందన్నాడు. ఇది అలవాటు. బట్టీ అలవాటు."

"మరి నన్నెప్పుడూ ఇంత బుజ్జగించలేదేం?" అని నవ్వేసి, క్యారేజీ విప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకు బంగారం కాలు ఎత్తడం మానేసింది. "కుడికి" అంటే చాలు, కుడికి తిరిగేది. తిరిగి, ఆయన ముఖంలోకి చూస్తూ ఆ ఒక్క మాట కోసం ఆగేది. తిండి మీద ఆశ తగ్గి తన మీద ప్రేమ పెరిగిందని మావయ్య లోపల్లోపల పొంగిపోయాడు. ప్రేమ పెరిగిన మాట నిజమే.

పోటీ రోజు భార్యే ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. "ఇవాళ ఫొటోలో తలకాయ కూడా పడుతుంది. దువ్వుకోండి," అంది. ఆయన సిగ్గుపడుతూ దువ్వుకున్నాడు. జీవితంలో మొదటిసారి బరిలోకి గుర్రంతో తానే వెళ్ళబోతున్నాడు మరి.

వానల్లేక నేల రాయిలా ఉంది. బంగారం చెక్క వంతెన దాటింది. విప్పిన గొడుగు పక్కనుంచి బెదరకుండా నడిచింది. స్కూలువాళ్ళు ముందు వరుసలో ఒకరినొకరు చూసుకుని తలలూపడం మావయ్య కంటపడింది. చివరిది ఎనిమిది అంకె: చిన్న పరుగులో ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు. ఎడమ చుట్టు నీళ్ళు పారినట్టు పోయింది.

"కుడికి."

తిరిగింది. తాడు నేలను తాకుతూ వదులుగానే ఉంది. సగం చుట్టులో ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు మావయ్య విన్నాడు. ఆయన ఆగమనలేదు కాబట్టి బంగారం ఆగలేదు. వేలాడుతున్న కాలిని ఈడ్చుకుంటూ, మిగిలిన సగం చుట్టును మూడు కాళ్ళ మీద పూర్తి చేసి, ఎదురుగా వచ్చి నిలబడింది. దూరంగా ఉన్నవాళ్ళకు అర్థం కాక చప్పట్లు కొట్టారు.

షెడ్డుకు వచ్చే డాక్టరే పరుగెత్తుకొచ్చాడు. డెక్క పైన వేళ్ళతో తడిమి, అలాగే చతికిలబడిపోయాడు.

"ఇది ఇవాళ్టిది కాదు. లోపల పాత చీలిక ఉండుంటుంది. కుడికి తిరిగితే ఒళ్ళు బరువంతా దీని మీదే పడుతుంది. నేను తిన్నగా నడిపించి వదిలేశాను." డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. "ఇన్నాళ్ళూ ఇది ఏమీ చెప్పలేదా మావయ్యా?"

"చెప్పింది. చెప్పడం మానేదాకా క్యారెట్లు పెట్టాను," అన్నాడు మావయ్య.

ఇక అతుక్కునే ఎముక కాదని, నొప్పి లేకుండా పంపేయడమే మిగిలిందని డాక్టరు చెప్పాడు. స్కూలువాళ్ళు లేచి వెళ్ళిపోయారు. టీచరమ్మ జనానికి కనబడకుండా దుప్పటి అడ్డం పట్టింది. రెండో కొస మావయ్య భార్య పట్టుకుంది. ఆవిడ ఆ రోజు మాట ఎత్తి దెప్పి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

సూది సిద్ధం చేసుకుని డాక్టరు కంచె వైపు చూశాడు. "ఇలా పడితే కంచె మీద పడుతుంది. ఒక్క అడుగు తిప్పాలి. నేను ముట్టుకుంటే బెదురుతోంది. నువ్వే చెప్పు."

ఎడమవైపు కంచె ఉంది.

మావయ్య బంగారం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బంగారం ఒళ్ళంతా చెమటతో వణుకుతోంది. చెవులు మాత్రం ఆయన వైపే నిక్కపొడుచుకుని ఉన్నాయి.

"కుడికి," అన్నాడు.

తిరిగింది. మూడు కాళ్ళ మీద ఎగిరి, తడబడి, కుడికి తిరిగింది. తిరిగి, ఎప్పటిలాగే ఆయన ముఖంలోకి చూస్తూ ఆగింది. ఆయనకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా అది చూస్తూనే ఉంది. ఆ మాట అనకపోతే, తప్పు తిరిగాననుకుంటుంది.

"బంగారం," అని జేబులో చెయ్యి పెట్టి క్యారెట్ ముక్క తీశాడు. అది నములుతుండగా డాక్టరు సూది గుచ్చాడు.