గజేంద్ర బావ తూటాలు, నా కోపం

నిన్న పొద్దున రేణిగుంటలో డ్యూటీకి బయలుదేరుతుంటే అక్క ఫోన్.

"మీ బావ ఎంత లేపినా లేస్తా లేడు మే. బిన్నా రా."

తిరుచానూరులో అక్కావాళ్లింటికి చేరేసరికి అంతా అయిపోయింది.
హార్ట్ ఎటాక్.

నిన్నటి నుంచి గ్రూపుల్లో ఒకటే పోస్టులు. లెజెండ్ అట. గొప్ప గురువు అట.
నేనలా రాయలేను. నాకు ఒళ్లు మండిపోతోంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. గజేంద్ర బావ రైఫిల్ షూటర్. కొన్న తూటాలు ఆయనకు నచ్చవు. ఇత్తడి గుల్ల, తుపాకి మందు, దాన్ని అంటించే క్యాప్, ముందు దూసుకుపోయే బుల్లెట్ అన్నీ విడివిడిగా ఏరుకుని, తన రైఫిల్‌కు సరిపడేలా తానే తయారు చేసుకునేవాడు. దానికి పర్మిషన్ ఉంది. ఆ ఏరడంలోనే మనిషి సగం జీవితం పోయింది. అక్క జీవితం కూడా.

నాకూ నేర్పించాడు.
ఎలా నేర్పించాడో వినండి.

ఏర్పేడు దగ్గర నా మొదటి మ్యాచ్. నా తూటాలు నేనే చేసుకున్నాను. బుల్లెట్లు ఒక డబ్బాలో సరిపోక ఇంకో డబ్బా తెరిచాను. రెండింటి మీదా ఒకే బరువు ఉంది. లాట్ వేరైతే, అంటే ఫ్యాక్టరీలో వేరే విడతలో తయారైనవైతే, గురి మారుతుందని ఈయన నాకు ఏనాడూ చెప్పలేదు.

అందరి ముందు నా తూటాల పెట్టె బోర్లించేశాడు.

"రెండు డబ్బాలూ కలపమని ఎవురు చెప్పినారు నీకు? ఇదేమన్నా పులుసా, ఉండేదంతా ఏసి తిప్పేదానికి?"

మ్యాచ్ లిస్టులోంచి నా పేరు కూడా కొట్టేయించాడు.
రేకుల షెడ్డు కింద కూర్చుని ఏడ్చాను. చూశాడు. దగ్గరికి రాలేదు.

ఆయన చెప్పింది కరెక్టే. పక్కకు పిలిచి చెబితే ఏం పోయేది?
సారీ అన్న మాట ఆయన నోట చివరి వరకూ రాలేదు.

పోయిన ఆదివారం వెళ్లాను. కొత్త గుల్లలు వచ్చినట్టున్నాయి. భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాడు. వెంట్రుక మందం గీత కనిపించినా పక్కన పడేస్తున్నాడు. ఇంకో చేత్తో ఛాతీ రుద్దుకుంటున్నాడు.

"ఆస్పత్రికి పోదాం రాయ్యా" అని అక్క బతిమాలుతోంది.

"గ్యాసే అది. ఈ లాటు సూసేసి వస్తా, పో."

నేను ఊరుకోలేదు. "ఆ గుల్లలకిచ్చే మర్యాద నీ గుండెకియ్యి బావా" అన్నాను.

"నువ్వు ముందు డబ్బాలు కలపకుండా నేర్చుకో" అని నవ్వాడు.

అదే ఆఖరి మాట నాతో.

ఇంకొకటి. నిన్న ఇంకా బావను ఇంట్లోంచి తీయకముందే, క్లబ్బు నుంచి ఒక పెద్దమనిషి అక్క పక్కన చేరి, తూటాలు చేసే ఆ మెషిన్ ఏం చేస్తారని అడిగాడు.

అక్క ఏడుపు ఆపి తలెత్తింది.

"ముందు మనిషిని సాగనంపండప్పా. ఇనుము యాడికీ పోదు."

ఆ పెద్దమనిషి ఈ పోస్టు చదువుతాడు. చదవనీ.

రాత్రి అక్క నన్ను బావ తూటాలు చేసుకునే గదిలోకి తీసుకుపోయింది. ఏరి పక్కన పెట్టిన గుల్లలు టేబుల్ మీద అలాగే ఉన్నాయి.
"రైఫిలూ మందూ స్టేషన్‌లో అప్పజెప్పేస్తాం మే. ఈ టేబుల్ మాత్రం వంటింట్లో ఏసుకుంటా. ఇన్నేండ్లూ కిందే కూసోని కూరగాయలు తరిగినాను."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. ఎవరి కోసమో తెలియదు.

బావా, నీ మీద కోపం పోలేదు. ఇప్పట్లో పోయేలా లేదు.

వెళ్లిరా. అక్కడన్నా ప్రశాంతంగా ఉండు.
ఇక్కడ మా అక్కను కూడా ఉండనీ.