వాసెన కట్టిన జెర్రి

మా చెల్లెలి పెళ్లి సంబంధం ఒక జెర్రి చేతిలో పడి చెడిపోబోయింది. చేతిలో అనకూడదేమో, దానికున్నవన్నీ కాళ్లే. ఆ జెర్రిని ఆవకాయ జాడీలో పెట్టి వాసెన కట్టిన మేధావిని నేనే కాబట్టి, ఈ ప్రమాదం గురించి నాకంటే బాగా చెప్పగలవారు నూజివీడు చుట్టుపక్కల లేరు.

అప్పట్లో, అంటే ఎనభైల్లో, నేను ఇంటరు తప్పి, ఊళ్లో లైబ్రరీనే కాలేజీ అనుకుని చదువుతున్నాను. బీరువాలో ఏ పుస్తకం చేతికొస్తే ఆ వారం ఆ శాస్త్రంలో పండితుణ్ణి. ఆ వేసవిలో చేతికొచ్చింది పురుగుల పుస్తకం. బొద్దింకల్ని నమిలేసే రాక్షసి జెర్రి, గుడ్లు పెట్టాక వాటి చుట్టూ చుట్టుకుని పడుకుంటుందట. బూజు పట్టకుండా గుడ్లను నాకుతూ ఉంటుందట. పిల్లలు నడిచేదాకా తిండి ముట్టదట. ఎవరైనా కదిపితే మాత్రం కంగారులో తన గుడ్లను తనే తినేస్తుందట.

ఇదంతా కళ్లతో చూడొద్దూ? మా తోటలో నీళ్ల కాలవ పక్కన పుచ్చిన మామిడి దుంగ బెరడు ఎత్తితే దొరికింది తల్లి జెర్రి, దాని పొట్ట కింద సగ్గుబియ్యంలా గుడ్లు. బెరడు ముక్కతో సహా, పెళ్లికూతుర్ని బుట్టలో మోసినట్టు, ఇంటికి మోసుకొచ్చాను.

ఎక్కడ పెట్టాలి? పింగాణీ జాడీ అయితే లోపల చీకటి, గోడ నున్నన, ఎన్ని కాళ్లున్నా ఎక్కలేదు. పైగా మా ఇంట్లో మూతికి గుడ్డ చుట్టి వాసెన కట్టిన జాడీ అంటే దేవుడి గది కన్నా భద్రం. స్నానం చేయకుండా దాన్ని తాకరు, అమ్మ చెప్పకుండా గుడ్డ విప్పరు. అడుగున తడి మట్టి పోసి, తల్లినీ గుడ్లనీ దించి, గాలాడాలని మూత మానేసి, గుడ్డ కట్టి కొత్తావకాయ జాడీల వరసలో చివర నిలబెట్టాను. దొంగను పోలీసు స్టేషన్లో దాచినంత తెలివి.

ఇంతలో చెల్లెలు సుజాతను చూడటానికి చింతలపూడి నుంచి వచ్చారు. పెళ్లికొడుకు, వాళ్ల నాన్నగారు, తల్లి సీతారావమ్మగారు. ఆవిడ తీర్పు చెప్పేదాకా మిగతా ఇద్దరూ గుటక కూడా వేయరు. సుజాతకు అబ్బాయి ఫొటోలోనే నచ్చేశాడు. నాకెలా తెలుసంటే, "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, వాళ్ల ముందు పురుగుల సంగతి ఎత్తకు" అని ముందే బతిమాలింది.

నేను ఎత్తలేదు. భోజనాలయ్యాక పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, గోడ పక్కన పాకుతున్న రోకలిబండను చూసి సీతారావమ్మగారే "అమ్మో, జెర్రి" అన్నారు. పండితుడన్నవాడు ఊరుకోగలడా?

"జెర్రి కాదండీ, రోకలిబండ. దీనికి కణుపుకు రెండు జతల కాళ్లు, జెర్రికి ఒక్క జతే. ఇది రాలినాకులు తిని బతికే సాధువండీ, ముట్టుకుంటే చుట్టుకుపోతుంది. అదైతే కరుస్తుంది."

జెర్రికి వంద కాళ్లంటారు గానీ సరిగ్గా వంద ఎప్పుడూ ఉండవన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ నన్ను కిళ్లీలకు పంపేసింది.

తిరిగొచ్చేసరికి వాళ్లు బస్సుకు టైమైందని వెళ్లిపోయారు. అమ్మ మొహం వెలిగిపోతోంది. "ఆవిడకు మన ఆవకాయ ఎంత నచ్చిందో. చిన్న జాడీ ఒకటి ఇచ్చి పంపాను."

"ఏ జాడీ?"

"చివరదిరా. సుజాతే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది."

నా నోట్లో ఒక కిళ్లీ ఉంది. అది నమలకుండానే దిగిపోయింది.

చిన్నరసం మామిడిపళ్ల లారీ ఒకటి కదులుతుంటే ఎక్కేశాను. హనుమాన్ జంక్షన్లో వాళ్లు ఏలూరు బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సీతారావమ్మగారి ఒళ్లో జాడీ, చంటిపిల్లలా.

"అత్తయ్యగారూ, ఆ జాడీ ఒకసారి ఇస్తారా?" వరస ఇంకా కలవలేదు, తొందరలో నేనే కలిపేశాను.

ఆవిడ చెయ్యి జాడీ మీద బిగిసింది. "ఎందుకు బాబూ?"

"ఉప్పు తగ్గిందటండీ. వేరేది పంపిస్తాం."

"ఇందాక తిన్నానుగా, సరిపోయిందే."

"అది వేరే జాడీ అండీ."

"పెట్టిన ఆవకాయ వెనక్కి అడిగేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను" అని ఆవిడ భర్త వైపు తిరిగారు. ఆ చూపులో సుజాత పెళ్లి ఏలూరు బస్సెక్కి వెళ్లిపోవడం నాకు కనిపించింది. "సరే, రుచి చూసే చెబుతాను" అంటూ వాసెన విప్పేశారు.

నిజం చెప్పేద్దామని ముందుకు వంగి, లోపలికి చూశాను. అంతే. ఉప్పు మరిచాను, సంబంధం మరిచాను.

"పుట్టేశాయండీ!" అని అరిచాను.

జంక్షనంతా తిరిగి చూసింది. జాడీ అడుగున తల్లి అలాగే చుట్టుకుని ఉంది. దాని కాళ్ల మధ్య తెల్లగా, మెత్తగా, బిలబిలమంటూ పిల్లలు. దారి పొడవునా కుదుపులన్నీ తిన్నది గానీ, ఒక్క పిల్లనూ తినలేదు.

ఆవిడ జాడీని విసిరేస్తారనుకున్నాను. నెమ్మదిగా బెంచీ మీద పెట్టి, అంత దూరం జరిగి, మళ్లీ ఉండబట్టలేక మెడ చాచారు.

"అవన్నీ దాని పిల్లలేనా?"

"అవునండీ. అవి నడిచేదాకా తిండి కూడా ముట్టదండీ."

"కరవదా?"

"కరుస్తుందండీ."

"పిచ్చి తల్లి" అన్నారావిడ, జాడీ వైపు చూస్తూ. తరవాత నన్ను తల నుంచి కాలి దాకా ఒకసారి చూసి, భర్తకు తీర్పు వినిపించారు. "ఈ అన్నయ్యతో పాటు పెరిగి కూడా ఆ పిల్ల అంత నెమ్మదిగా ఉందంటే, ఓర్పుగల పిల్లేనండీ. మాట ఇచ్చేద్దాం." నా వైపు తిరిగి, "పెళ్లిలో ఊరగాయలు మాత్రం మేమే తెచ్చుకుంటాం బాబూ" అన్నారు.

తెచ్చుకున్నారు కూడా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాళ్లు రెండే ఉన్నవాడికే అంత పనైతే, ఇక జెర్రి సంగతి మీరే ఊహించుకోండి. తల్లినీ పిల్లలనూ దారిలో ఓ తోటలో పుచ్చిన మాను కింద దింపి వచ్చాను. ఆ జాడీని అమ్మ మళ్లీ ముట్టలేదు, నాకే ఇచ్చేసింది. దాని మీద చెయ్యి వేసి నేను ప్రమాణం చేశాను, ఇవాళ్టికీ తప్పలేదు: ఇకమీదట ఏ జీవినైనా సరే, కాళ్లెన్నున్నా సరే, పైన పేరు రాయకుండా వాసెన కట్టను.