కొమ్ము ఊడిన కొంగు

ఏవండీ, మీరు కథ రాసి ఎవరికైనా పంపబోతున్నారా? ఒక్క నిమిషం ఆగి నా సంగతి వినండి. ఒక అక్షరానికి కొమ్ము పెట్టక, కుదరబోయే పెళ్ళిని కొల్లేట్లో కలిపేయబోయిన ఘనుణ్ణి నేను.

మాది తాడేపల్లిగూడెంలో చీరల కొట్టు. బేరాలు లేనప్పుడు అక్కడే కూర్చుని ఫోన్లో కథలు రాసుకునేవాణ్ణి. ఏలూరులో పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు, నేను రచయితనని కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. పెళ్ళికూతురు హారికకి చదువు పిచ్చి.

"అయితే మీ కథ ఒకటి పంపండి. చదివాక నా మాట చెబుతాను," అంది.

నాకా, చూడగానే నచ్చేసింది. కాదంటే ఏమైపోతానో అని బెంగ పట్టుకుంది.

ఇంటికొచ్చి ఊపిరి తిప్పుకోకుండా రాశాను. పేద తల్లి, దిగులుపడే హీరోయిన్, మంచివాడైన హీరో, పేజీ పేజీకీ కన్నీళ్ళు. చీరల కొట్టువాణ్ణి కదా, కొంగు లేనిదే కథ నడవలేదు. ఆ మాట మొదలుపెట్టగానే ఫోను తనంతట తానే ఒక మాట అందించేది, నేను చూడకుండా నొక్కేసేవాణ్ణి. పంపేముందు ఒకసారి చదువుకోరా అని మా అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పింది. గుణింతాలు చూసుకోవడం బళ్ళో పిల్లల పని, రచయితకి భావం ముఖ్యం అని అక్కకే ఉపన్యాసం దంచి, పంపేశాను.

మర్నాడు ఫోను చేసింది హారిక కాదు, వాళ్ళ నాన్నగారు. ఆయన అటవీ శాఖలో ఉద్యోగి, కొల్లేట్లో పక్షుల మీద ఈగ వాలనివ్వరు.

"బాబూ, మా అమ్మాయి మీ కథ నాకూ చూపించిందండి. చిన్న సందేహం. మీ హీరో ఆ పిల్ల కొంగ పట్టుకుని లాగాడేంటండీ?"

ఆయన ఏమన్నా నా చెవికి కొంగు అనే వినబడుతోంది.

"ప్రేమండీ," అన్నాను.

"లాగితే చిరిగిపోయిందని రాశారు."

"పాతదండీ. పేదవాళ్ళు కదా."

"తర్వాత ఆ పిల్ల దాన్ని నోట్లో కుక్కుకుని ఏడ్చిందటండీ?"

"మన ఆడవాళ్ళు అలాగే ఏడుస్తారు కదండీ." ఇక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "మా కొట్లో జరీవి, బుటాలవి అన్నీ ఉంటాయండి. మీ అమ్మాయికి మంచివి నేనే ఏరి తెస్తాను."

"కొట్లో పెట్టి అమ్ముతున్నారా బాబూ? పట్టుకుంటేనే కేసండి. నేనంటున్నది కొంగ. రెక్కలుంటాయే, చేపలు తింటుందే, ఆ కొంగ."

ఫోన్లో వెనక నుంచి పగలబడి నవ్వు. హారికే. నేను కథ తెరిచి చూద్దును కదా, తల్లి కొంగతో కళ్ళొత్తుకుంది. పిల్లాణ్ణి కొంగ చాటున దాచుకుంది. కొంగని నడుముకి బిగించి అంట్లు తోమడానికి కూర్చుంది. రచయితనని నాకు కొమ్ములు మొలిచాయి కానీ, కథలో ఒక్కటీ మిగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

పెళ్ళి తప్పిపోతుందన్న భయంతో వెంటనే ఆయనకి క్షమాపణ మెసేజ్ రాశాను. ఈసారి ఫోను సాయం అక్కర్లేదని, ప్రతి అక్షరం సొంతంగా కొట్టాను. చివర్లో గుండె కరిగేలా ఒక వాక్యం పెట్టాను: "మీ అమ్మాయిని కల్లులో పెట్టుకుని చూసుకుంటాను."

జవాబు వెంటనే వచ్చింది. "మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదండి."

ఇక అయిపోయిందని తల పట్టుకున్నాను. సాయంత్రం హారికే ఫోను చేసింది.

"మిమ్మల్ని ఇలా ఊరి మీదకి వదిలేస్తే ప్రమాదమండీ. నేనే చేసుకుంటానని నాన్నగారికి చెప్పేశాను," అంది.

ఆనందం పట్టలేక కొట్లో ఉన్నవాళ్ళందరికీ కాజాలు పంచాను.

అందుకని, అచ్చుల సాక్షిగా, హల్లుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మా ఆవిడ దిద్దకుండా ఇకమీదట ఒక్క ముక్క కూడా గడప దాటించను. ఇదీ ఆవిడ దిద్దిందే. నా ప్రతిభని నేనే మెచ్చుకుంటూ రాసుకున్న పేరా ఒకటి ఇందులో ఉండేది. అచ్చుతప్పట, కొట్టేసింది.