ఆ కొలత తప్పు కాదు

ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే మోశాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. దయచేసి ఓదార్చకండి. నిజం చూసిన ఒక పిల్లకు, తన కళ్ళను తానే నమ్మవద్దని నేర్పిన టీచర్ని నేను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. మా ఆయనకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, సరోజినీ నగర్‌లో క్వార్టర్. నేను ఢిల్లీలోనే ఒక ప్రైవేటు బడిలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. పిల్లలు ఏం చెప్పినా ‘నీకెలా తెలుసు? ఆధారమేమిటి?’ అని అడగాలని ఆ ఏడాది ఒక పద్ధతి పెట్టాం. సైన్సులోనే కాదు, లెక్కల్లో, చరిత్రలో, చివరికి హిందీ కథల్లో కూడా. ఆ పద్ధతి తెచ్చింది నేనే. దానికోసం మిగతా టీచర్లతో పోట్లాడింది కూడా నేనే.

శ్రావణి తొమ్మిదో తరగతి. మా కాలనీ తెలుగువాళ్ళమ్మాయి. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. బడి ఎగ్జిబిషన్ కోసం, తల్లిదండ్రుల చందాలతో కొత్తగా పెట్టిన వాటర్ కూలర్‌ను ఎంచుకుంది. లవణాలు తీసేసే ఫిల్టర్ ఉందని చెప్పి, దాని మీద ‘శుద్ధి చేసిన నీరు’ అని పెద్ద బోర్డు పెట్టారు. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపే చిన్న మీటరు మా ల్యాబ్‌లో ఉండేది. దానితో కూలర్ నీళ్ళు, ఆ కూలర్‌లోకీ తోటకూ వచ్చే బోరు నీళ్ళు రోజూ కొలిచింది. గ్రాఫు గీసింది. కూలర్ బిగించినవాణ్ణి కూడా కలిసి ప్రశ్నలడిగింది. రెండు నీళ్ళూ ఒకటే! ‘ఫిల్టర్ పనిచేస్తోందనడానికి ఆధారం దొరకలేదు’ అని చార్టు మీద రాసింది. ఫిల్టర్ లేదని కూడా అనలేదు చూడండి, అంత జాగ్రత్త.

ప్రిన్సిపల్ నన్ను పిలిచింది. “ఎగ్జిబిషన్‌కి పేరెంట్స్ వస్తారు మ్యాడమ్. బచ్చీ సే గల్తీ హుయీ హోగీ. ఆప్ సంభాల్ లీజియే” అంది. పిల్ల పొరబడి ఉంటుంది, మీరే చక్కబెట్టండి అని. అబద్ధం చెప్పమనలేదు. ఇలాంటివాళ్ళు ఆ మాట నోటితో అనరు, మనకే వదిలేస్తారు! కడుపు మండిపోయింది. మండి ఏం లాభం? తలూపి వచ్చాను.

ల్యాబ్ తలుపు వేసుకుని నేనే కొలిచాను. అదే అంకె వచ్చింది. ఆ తర్వాతే శ్రావణిని పిలిచాను.

“మీటర్ సరిగ్గా సెట్ చేయలేదమ్మా నువ్వు. రీడింగులన్నీ తప్పు.”

“పర్ మ్యామ్, మైనే బార్ బార్ చెక్ కియా థా. ఆప్ భీ తో వహీఁ థీఁ.” మళ్ళీ మళ్ళీ చూసుకున్నానని, అప్పుడు నేనూ అక్కడే ఉన్నానని అంది.

“టీచర్‌ని నేనా, నువ్వా?”

బళ్ళో ఎప్పుడూ మ్యామ్ అనే పిల్ల, మొదటిసారి తెలుగులో అడిగింది.

“అయితే తప్పు నాదేనా, ఆంటీ?”

“అవునమ్మా.”

తన చార్టు తనే పీకేసుకుంది. ఎగ్జిబిషన్‌కు వచ్చినవాళ్ళు మా పద్ధతిని తెగ మెచ్చుకున్నారు. పిల్లలకు ఆధారాలతో ఆలోచించడం ఎలా నేర్పాలో చెప్పి రమ్మని నన్ను వేరే బళ్ళకు పంపారు. వెళ్ళాను. సిగ్గు లేకుండా మైకు పట్టుకుని మాట్లాడాను. వేసవి సెలవుల్లో, చప్పుడు లేకుండా, కూలర్‌కు కొత్త ఫిల్టర్ బిగించారు. కొలత తప్పయితే ఎందుకు బిగించినట్టు? అన్ని నెలలూ ఆ నీళ్ళు తాగింది ఎవరి పిల్లలు? స్టాఫ్ రూములో ఒక్కరూ అడగలేదు. అడగాల్సినదాన్ని నేను, నోరు మూసుకుని కూర్చున్నాను. ఉద్యోగం పోతుందనా? నిజం చెప్పాలంటే అదీ కాదు. ఆ మెచ్చుకోళ్ళు పోతాయని.

పదో తరగతి అయ్యాక ఒకరోజు మార్కెట్‌లో శ్రావణి వాళ్ళమ్మ కనిపించింది.

“మా అమ్మాయి కామర్స్ తీసుకుంటుందటండీ. తను ప్రయోగం చేస్తే తప్పే వస్తుందట. మీరైనా కాస్త చెప్పండి.”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? “పిల్లల ఇష్టం కదండీ” అనేసి, బట్టల బేరంలో పడ్డాను. కొన్నాళ్ళకు వాళ్ళకు బదిలీ అయింది. ఎక్కడికని నేను అడగలేదు. ఇన్నేళ్ళలో వెతకనూ లేదు.

క్షమించాల్సింది మీరు కాదు కాబట్టి మిమ్మల్ని అడగను. శ్రావణి రాసింది నిజం. అది నాకు ఆనాడే తెలుసు. తెలిసే, ఆ పిల్లదే తప్పన్నాను. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాను.