సముద్రం ముందు లింగమ్మ

నాచారం పాత ఊళ్ళో పుట్టి, అక్కడే కాపురం చేసి, అక్కడే ఒక నర్సింగ్‌హోంలో పద్దెనిమిదేళ్ళు ఆయాగా పనిచేసిన లింగమ్మకు నీళ్ళంటే భయం. చిన్నప్పటి నుంచీ ఉన్న భయం కాదది. రెండువేల ఇరవై అక్టోబరు వానల్లో, డ్యూటీ దిగి ఇంటికి నడిచి వస్తుంటే పట్టుకున్న భయం. హబ్సిగూడ దగ్గరి వీధిలో వరద మోకాళ్ళ నుంచి నడుముకు, నడుము నుంచి రొమ్ముకు ఎక్కింది. కాళ్ళ కింద నేల లేదు. ఎవరిదో ఇంటి గేటు ఊచలు పట్టుకుని గంటన్నరసేపు వేలాడింది. చివరికి మేడ మీది వాళ్ళు తాడు విసిరి లాగారు.

ఆ తర్వాత బకెట్ నిండుతున్న చప్పుడుకు కూడా గుండె దడదడలాడేది. ఎవరికీ చెప్పుకోలేదు. ఎంత బరువైన పేషెంటునైనా ఎత్తి మంచం మార్చే మనిషి నీళ్ళకు జడుస్తుందంటే నవ్వుతారని.

అలాంటి లింగమ్మ, నలభై ఏడేళ్ళ వయసులో, రెండేళ్ళు సముద్రం ఒడ్డున బతకాల్సి వచ్చింది.

హైమావతిది ఏఎస్ రావు నగర్. ప్రభుత్వ కంపెనీలో ఇంజనీరుగా రిటైరైంది. డెబ్బై ఒకటో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతే, నర్సింగ్‌హోంలో ఆమెను రెండు నెలలు చూసుకున్నది లింగమ్మే. కూతురు చాందినికి మలేసియాలో, పోర్ట్ డిక్సన్ అనే ఊళ్ళో ఉద్యోగం. తల్లిని తన దగ్గరికి తీసుకుపోతూ, నువ్వు కూడా వస్తే అమ్మకు ధైర్యంగా ఉంటుందని లింగమ్మను అడిగింది. లింగమ్మ కూతురు దీప నర్సింగ్ చదువు అయిపోవడానికి ఇంకా రెండేళ్ళుంది. లింగమ్మ సరేనంది. ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

మొదటి పొద్దున బాల్కనీ తలుపు మీది కర్టెన్ పక్కకు జరిపి చూస్తే, ఎదురుగా నీళ్ళు తప్ప ఇంకేం లేవు. నాలుగో అంతస్తు అని తెలిసి కూడా వెనక్కు వెనక్కు నడిచి గోడకు ఆనుకుంది. ఆ రోజంతా వంటింట్లోనే ఉండిపోయింది. సాయంత్రం హైమావతి వీల్‌చెయిర్‌లో కూర్చుని, కిందికి తీసుకెళ్ళమంది.

ఆమెది బందరు. పుట్టి పెరిగిందంతా సముద్రం పక్కనే. "మా బందర్లో పొద్దు సముద్రంలోంచి పుట్టడమే చూశాను, లింగమ్మా. సముద్రంలో మునగడం ఎప్పుడూ చూడలేదు. మాకది పడమట లేదుగా. ఇక్కడుంది," అంది.

అలా మొదలైంది. అక్కడ పొద్దు ఏడు దాటాక గాని మునగదు. రోజూ ఆరున్నరకు లింగమ్మ బండి నెట్టుకుంటూ రోడ్డు దాటేది, చెట్ల కింది సిమెంటు బాట మీదుగా ఇసుక అంచు దాకా వెళ్ళేది. హైమావతి పడమటికి చూసేది. లింగమ్మ బండి చక్రాలను చూసేది. బ్రేకు వేసి, ఒకటికి రెండుసార్లు కదిపి చూసి, పిడిని రెండు చేతులతో పట్టుకుని నిలబడేది. అలల చప్పుడు చెవిలో పడకుండా మనసులో ఏదో ఒకటి లెక్కపెట్టుకునేది. హైమావతి మాత్రం ఈరోజు నారింజ రంగని, నిన్న మబ్బు అంచు రాగి తీగలా మెరిసిందని, దూరంగా పోతున్న ఓడ సూర్యుడి ముందుకొచ్చి నల్లగా ఆగిపోయిందని చెప్పేది. ఎడమచేత్తో వంకరటింకరగా ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది కూడా. అన్నీ విని లింగమ్మ ఊఁ కొట్టేది. ఆర్నెల్లు గడిచినా ఆమె పొద్దును పూర్తిగా మునిగేదాకా ఒక్కసారీ చూడలేదు.

ఏడో నెలలో ఒకనాడు నీళ్ళు చాలా దూరం వెనక్కు పోయాయి. ఎప్పుడూ మునిగి ఉండే ఇసుకతిన్నె బయటపడి, గట్టిగా, రోడ్డులా చదునుగా కనిపించింది. దాని మీద ముగ్గురు నలుగురు నడుస్తున్నారు కూడా. హైమావతి అక్కడికి పోదామంది. లింగమ్మ వద్దంది. ఒడ్డుకూ తిన్నెకూ మధ్య ఒక పల్లం ఉంది, అందులో చీలమండలు తడిసేపాటి నీళ్ళు. ఆ నీళ్ళు చూసే వద్దంది గాని ఆ మాట పైకి అనలేకపోయింది. చక్రాలు దిగబడతాయని చెప్పింది. దిగబడలేదు. బండి సులువుగా పల్లం దాటి తిన్నె ఎక్కింది.

ఆ సాయంత్రం హైమావతి నోట్‌బుక్ తెరవలేదు. ఆకాశమంతా దానిమ్మగింజ రంగు తిరిగింది. తడి ఇసుక కూడా అదే రంగు పట్టి, ఎక్కడ నేల ఆగి ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో తెలియలేదు. లింగమ్మ కూడా తల ఎత్తింది. భయం మరిచి, బండి పిడి వదిలి, చూస్తూ నిలబడింది. సూర్యుడి అంచు గీతలా మిగిలి, అదీ పోయేదాకా చూసింది.

వెనక్కు తిరిగితే పల్లం లేదు. పల్లం ఉన్నచోట వెడల్పుగా నీళ్ళు. పోటు ముందు నుంచి రాలేదు, పక్కల నుంచి పల్లంలోకి వచ్చి వెనక దారి మూసేసింది. నడుస్తున్నవాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో తెలియదు. లింగమ్మ బండిని పరుగున నెట్టింది. ముందు చక్రాలు మెత్తటి ఇసుకలో కూరుకుని ఆగాయి. లాగితే ఇంకా కూరుకున్నాయి. ఫోను ఇంట్లో చార్జింగ్‌లో ఉంది. అరిచింది. అలల మోతలో ఆ అరుపు ఆమెకే వినిపించలేదు.

ఇటునుంచి చూస్తే ఒడ్డు అరవై డెబ్బై అడుగులకు మించదు. నీళ్ళలో కాలు పెట్టింది. మోకాలి దాకా వచ్చేసరికి ఒళ్ళు బిగుసుకుపోయింది. చేతికి గేటు ఊచలు తగులుతున్నట్టే అయింది, పట్టుకోవడానికి అక్కడ ఏ ఊచా లేదు. వెనక్కు వచ్చి బండి పక్కన కూలబడింది.

"నాతోని గాదమ్మా," అంది. "నీళ్ళంటే నాకు పానం బోతది. నీకు ఎన్నడు చెప్పలే."

హైమావతి ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేసింది. "నేను నడవలేను. నువ్వు నడవగలవు," అంది. "భయపడుతూనే నడు. నేను అడుగులు లెక్కపెడతాను."

పక్షవాతం వచ్చిన కొత్తలో, నర్సింగ్‌హోం వరండాలో హైమావతిని నడిపిస్తూ అడుగులు లెక్కపెట్టింది లింగమ్మ. ఆ మాట వినగానే లేచి నిలబడింది. హైమావతిని వీపు మీదికి ఎక్కించుకుంది. పడిపోయిన కుడిచెయ్యి పట్టు నిలవదు, అందుకని ఆ చేతిని తన మెడ మీదుగా తెచ్చి కొంగుతో కట్టేసుకుంది. నీళ్ళలోకి దిగింది. చెవి దగ్గర హైమావతి గొంతు, ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర నీళ్ళు తొడలకొచ్చాయి. ఇరవై ఆరు దగ్గర నడుముకు. అడుగు కింద ఇసుక జారినప్పుడు లింగమ్మ ఆగిపోయింది. హైమావతి కూడా ఆగి, మళ్ళీ ఇరవై ఆరు అంది. లింగమ్మ అడుగు వేసేదాకా ఇరవై ఆరే అంటూ ఉంది. నలభై తొమ్మిది దగ్గర నీళ్ళు తగ్గడం మొదలైంది. సిమెంటు బాట చేరాక ఇద్దరూ తడి బట్టలతో దాని మీదే పడి ఉన్నారు. వీల్‌చెయిర్ ఎటు కొట్టుకుపోయిందో చీకట్లో కనిపించలేదు. లింగమ్మ ఆమెను మళ్ళీ వీపు మీదే ఇంటికి మోసుకొచ్చింది.

చాందినికి చెప్పవద్దని హైమావతి అంది. బండి విరిగిందని చెబుదామంది. లింగమ్మకు అది ఇంకో భయం. చెబితే పంపించేస్తారు, చెప్పకపోతే రేపు మళ్ళీ అటే పోవాలి. చాందిని డ్యూటీ నుంచి వచ్చేసరికి తడి చీరైనా మార్చుకోకుండా గుమ్మంలోనే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పిడి వదిలి పొద్దును చూస్తూ నిలబడ్డానని కూడా చెప్పింది. చాందిని చెప్పులు విప్పకుండానే కింద కూర్చుంది. "అక్కా, ఇంక సముద్రం వద్దు," అని మాత్రం అంది.

పది రోజులు బాల్కనీ తలుపు తెరవలేదు. హైమావతి సరిగ్గా తినలేదు, ఎక్సర్‌సైజులకు లేవలేదు. కాలు మళ్ళీ బిగుసుకుపోవడం లింగమ్మ చేతులకు తెలుస్తూనే ఉంది. పదకొండో రోజు తనే చాందినిని అడిగింది. ఇసుక మీదికి దిగం, రోడ్డు పక్క గట్టు మీదనే కూర్చుంటాం, నీళ్ళు ఎప్పుడు పెరుగుతయో ఎప్పుడు తగ్గుతయో నువ్వు కాయితం మీద రాసియ్యి అని. ఆ కాగితం ఫ్రిజ్ మీదికెక్కింది. లింగమ్మకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. రోజూ పొద్దున్నే లేచి ముందు అవే చూసేది.

ఆ తర్వాత హైమావతి ఎక్కడికి పోయినా పడమటి ఒడ్డే వెతికింది. చాందినికి సెలవు దొరికితే మలక్కాకు, ఒకసారి లంకావి దీవికి పోయారు. లంకావిలో సూర్యాస్తమయం పడవలో చూపిస్తారు. లింగమ్మ లైఫ్ జాకెట్ తొడుక్కుని, హైమావతి చెయ్యి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఇంజను ఆపాక ఒకసారి కళ్ళు తెరిచింది. సగం సూర్యుడు. చుట్టూ కరిగిన బెల్లంలా మెల్లగా కదిలే నీళ్ళు. మళ్ళీ మూయలేదు. ఎలా ఉందని హైమావతి అడిగింది.

"భయమైతుంది. మంచిగ గూడ ఉంది," అంది లింగమ్మ. రెండూ నిజమే.

చాందిని కాంట్రాక్టు ముగిశాక అందరూ తిరిగి వచ్చేశారు. దీప ఇప్పుడు ఉప్పల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. లింగమ్మ రోజూ పొద్దున నాచారం నుంచి ఏఎస్ రావు నగర్ పోయి, సాయంత్రం దాకా హైమావతి దగ్గర ఉంటుంది. నర్సింగ్‌హోంలోని పాత స్నేహితురాలు సత్తమ్మ ఎన్నిసార్లు అడిగినా పల్లం దాటిన కథ నడుము లోతు దాకా చెప్పి ఆపేస్తుంది. అక్కడి నుంచి వేరే మాట ఎత్తుకుంటుంది. మిగతాది హైమావతి ఎప్పుడో చెబితేనే సత్తమ్మకు తెలిసింది.

మొన్న ఫిబ్రవరిలో హైమావతి, చాందిని, లింగమ్మ ముగ్గురూ శ్రీలంక పడమటి ఒడ్డున ఉన్న నెగొంబోకు నాలుగు రోజులు పోయి వచ్చారు. పోదామన్న రోజు నుంచి విమానం ఎక్కేదాకా లింగమ్మకు సరిగ్గా నిద్ర పట్టలేదు. వద్దని దీప అంది. అయినా పోయింది. నాలుగు సాయంత్రాలూ ఒడ్డున, నీళ్ళకు చాలా ఎగువన, బండి పిడి పట్టుకునే నిలబడింది. మూడో రోజు మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు. మిగతా మూడు రోజులూ పొద్దు పూర్తిగా మునిగేదాకా చూసింది. చూసినంతసేపూ అరచేతులకు చెమట పడుతూనే ఉంది.